పొర మందం

"అచ్చం మీ అంకే వచ్చింది!" అంటూ వెల్లమో యాక్సిలరేటర్ గదిలోంచి పరుగున వచ్చింది.

ప్రొఫెసర్ ఉర్పో కాఫీ కప్పు దించాడు. అయాన్లతో కొడితే కార్బన్ ఏ మేరకు చర్య జరుపుతుందో చెప్పే అంకె అది. ఆయన కుర్రతనంలో కొలిచింది. ల్యాబులన్నీ దాన్నే నమ్ముకుని లోహాల మీద పేరుకున్న కార్బన్‌ను లెక్కకడుతున్నాయి.

"నా అంకె తప్పంటున్న ఆ స్వీడన్ వాళ్ల నోళ్లు ఇక మూతపడతాయి. పట్టా రోజు ఆచారంగా నడుముకు కట్టే డాక్టరేటు కత్తి కొనుక్కున్నావా?"

"నిన్ననే వచ్చింది," సిగ్గుగా నవ్విందామె. "థీసిస్‌లో ఒక్క ముక్క రాయాలి. నేను కొలవడానికి మీరిచ్చిన కార్బన్ పొర మందం ఎలా కొలిచారు?"

"అయాన్లతోనే. నా అంకె వేసి లెక్కకట్టాను."

వెల్లమోకు లెక్క అర్థమైంది. అంకె రాబట్టాలంటే పొర మందం ముందే తెలియాలి. ఆయన అంకెతో కట్టిన మందం మీద ఎవరు కొలిచినా ఆయన అంకే తిరిగొస్తుంది. నాలుగేళ్లుగా తను కొలిచిందేమీ లేదు.

"మీకు తెలిసే ఇచ్చారా?"

"మొదటి రోజే అడుగుతావనుకున్నాను."

"మరి మీ అంకె తప్పయితే?"

"నాదెక్కడిది తల్లీ! మా గురువుగారూ తన అంకెతో మందం కట్టిన పొరే నాకిచ్చారు. ఈ ప్రశ్న నాకు డాక్టరేటు వచ్చిన మర్నాడు తట్టింది. నువ్వు నయం, వారం ముందే అడిగావు."

ఆమె వెళ్లి యాక్సిలరేటర్‌లోంచి ఆ పొరను తీసుకొచ్చింది.

"సోమవారం కొత్తమ్మాయి చేరుతోంది," అన్నాడు ఉర్పో. "ఆ పొర ఆమెకిచ్చేయ్."

వెల్లమో పొరను జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"మొదటి రోజే అడిగితే?" అంది.