లేచి నిలబడినవాళ్లు

సైకిలు లైటు పడగానే దారి పక్కన ఒకామె లేచి నిలబడింది. కొంచెం ఎడంగా ఇంకొకామె లేచింది. మలుపు తిరిగేసరికి తుమ్మకంపల పొడుగునా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు.

ఆనంద్‌కుమార్ సిగ్గుతో తల వంచుకున్నాడు.

అతనికి తమిళసీమలోని ధర్మపురిలో పాత్రల అంగడి ఉంది. మెట్లెక్కిన ప్రతి మనిషికీ లేచి నమస్కారం పెట్టడం చిన్నప్పటినుంచీ అలవాటు. తనకోసం ఇంకొకరు లేవడం ఎన్నడూ ఎరగడు.

నలభై దాటాక షుగరు వచ్చింది. ఒళ్లు వంచమన్నాడు డాక్టరు. అంగట్లో కూర్చుని ఫోనులో స్పెయిను దేశపు వీడియోలు చూసి చూసి, మట్టిదారుల్లో, రాళ్లదారుల్లో తొక్కే లావు టైర్ల సైకిలు ఒకటి తెప్పించుకున్నాడు. ఆ వీడియోల్లో ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్లు సైకిళ్లు పోతుంటే నవ్వి చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడం అతనికి ఎంతో నచ్చింది.

ఇక్కడ ఏకంగా లేచి నిలబడుతున్నారు!

ఆదివారం చీకటితోనే కారు వెనక సైకిలు కట్టుకొని బొమ్మిడి దాకా పోతాడు. అక్కడినుంచి ఏ. పళ్లిపట్టి వైపు మట్టిదారి పడతాడు. బస్సు లేదు, లారీ హారను లేదు. టైర్ల కింద గులకరాళ్లు నలిగే చప్పుడు, ఎక్కడో నెమలి అరుపు. అంతే. ఎండ ఎక్కేలోపు మేనత్త వేదవల్లి ఊరు చేరి, ఆమె చేతి కాఫీ తాగి తిరిగి వస్తాడు. ఈ కంపల దారి ఆ ఊరి పొలిమేరలోనే ఉంది.

మొదటిసారి అతను ఊరుకోలేకపోయాడు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. నాకోసం ఎందుకు లేస్తారు?" అన్నాడు తెలుగులో.

ఎవరూ కూర్చోలేదు. తమిళంలోనూ చెప్పాడు. అయినా కూర్చోలేదు. పెద్దవాళ్లు నిలబడి ఉండగా తాను సైకిలు మీద దర్జాగా పోవడం మర్యాద కాదనిపించింది. దిగి, వాళ్లు కూర్చునేదాకా పోకూడదని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. వాళ్లు కొంగులు తలమీదికి లాక్కొని, మొహాలు అటు తిప్పుకున్నారు.

ఇంటికి వచ్చి భార్య జయప్రియకు చెప్పాడు.

"మొహం తిప్పుకోక ఏం చేస్తారు?" అంది ఆమె. "ఆ నిక్కరులో మిమ్మల్ని అద్దంలో ఒకసారి చూసుకోండి. గుమ్మడికాయకు గుడ్డ చుట్టినట్టు ఉంది. పాపం, మర్యాదకు లేచినారు, చూడలేక తిరుక్కున్నారు."

అతనికి చచ్చేంత సిగ్గేసింది. తర్వాతి వారం వదులు ప్యాంటు వేసుకొని పోయాడు. అప్పుడూ లేచారు. అప్పుడూ మొహాలు తిప్పుకున్నారు.

ఒక్క మొహమైనా కనబడితే కదా ఎదురుగా దండం పెట్టేది! ఇంకా పెద్ద లైటు కొని సైకిలుకు బిగించాడు. ఈసారి ఆ దారంతా పట్టపగలయింది. దూరంగా బండరాయి వెనక ఉన్నవాళ్లు కూడా లేచారు. వాళ్లలో ఒక ముసలామె మోకాలి మీద చెయ్యి ఆనించి, కంప కొమ్మ పట్టుకొని, కష్టం మీద లేచి గోడకు తిరిగినట్టు అటు తిరిగి నిలబడింది. అతని ప్రాణం ఉసూరుమంది. హెల్మెట్ తీసి ఆమె వీపుకే రెండు చేతులూ జోడించాడు.

ఆరోజు మేనత్త ఇంట్లో అతను చాపమీద కూర్చున్నాడే గాని మనసు అక్కడ లేదు. వేదవల్లి కాఫీ గ్లాసు తెచ్చి కింద పెట్టింది. ఇదివరకైతే, "ఏమిరా అప్పా, ఇట్లా చిక్కిపోయినావు!" అని బుగ్గ గిల్లేది. ఈమధ్య మొహం చూసి మాట్లాడడమే మానేసింది. నిక్కరు సంగతి ఈమె దాకా వచ్చినట్టుంది అనుకొని అతను ప్యాంటు ఇంకా కిందికి లాక్కున్నాడు.

"అత్తా, మీ ఊరి ఆడవాళ్లకు నువ్వొక మాట చెప్పాల."

"ఏమని?"

"నన్ను చూసి లేచి నిలబడవద్దని. అంత పెద్ద ముసలామె కూడా లేస్తే నాకు తల కొట్టేసినట్టయింది. నేనేం గొప్పవాణ్ణని?"

వేదవల్లి కాఫీ గ్లాసును అతని వైపు జరిపింది.

"నా ఒక్కడి సంగతి కాదు. వచ్చే ఆదివారం మా సైకిలు సంఘమంతా వస్తా ఉంది. బెంగళూరునుంచి కూడా వస్తారు. ఇంత మర్యాద తెలిసిన ఊరు ఇంకోటి లేదని నేనే అందరికీ చెప్పినాను. అందరికీ ఇట్లాంటి పెద్ద లైట్లే. పోయేంతసేపూ నిలబడితే పాపం కాళ్లు ఏమవుతాయి?"

ఆమె మొహంలో రంగు పోయింది.

"అందరూనా?" అంది.

"అందరూ. వీడియో కూడా తీస్తారు."

వేదవల్లి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. కొంగు నలుపుకుంది. అల్లుడి వరస అయిన మగవాడితో చెప్పే సంగతి కాదు. చెప్పకపోతే ఆదివారం ఆగదు.

మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. గోడ వైపు తిరిగి, గోడతో చెప్పినట్టు చెప్పింది.

"తెల్లారకముందు చెంబు తీసుకొని పోయేదానికి మా ఆడవాళ్లకు ఆ కంపల మరుగు తప్ప వేరే చోటు లేదు నాయనా, నీ లైటు మీద పడితే సగంలోనే లేచి నిలబడతా ఉన్నాము."