పంచె లేని పెద్దాయన

"ఆయనకి పంచె కడతావా, రంగులు కట్టిపెడతావా?" అన్నాడు రాంప్రసాద్, కంచం ముందు నుంచే.

"అసలు బొమ్మలో పంచె లేదండీ. మనిషి ఒళ్ళు వెయ్యడం రావాలంటే ఉన్నదున్నట్టు దించాలన్నారు మా డ్రాయింగ్ సార్," అంది భానుశ్రీ.

"మీ సార్‌కేం? తిరువూరంతా మన వరండాలోంచే మన రైస్ మిల్లుకెళ్తుంది. నిన్న వినగడప రైతు, 'ఎవరండీ ఆయన, మీ అత్తారి తరఫా?' అని అడిగాడు."

వరండాలో పెట్టిన బొమ్మలో, స్టూలు మీద కూర్చున్న ఆ తెల్లదొర ముసలాయన ఒంటిమీద నూలుపోగు లేదు. అలా అనడానికీ లేదు. పొద్దున అత్తగారు మహాలక్ష్మి సిగ్గుపడి తువ్వాలు కప్పింది. ఆయిల్ రంగు ఆరకపోవడంతో ఆయన తొడ నిండా నూలు అంటుకుని వెంట్రుకల్లా మొలిచింది.

భానుశ్రీ ఒక్కొక్క పోగే పీకుతుంటే, మహాలక్ష్మి వచ్చి పక్కన కూలబడింది.

"మోకాలు వాచిందే పాపం!"

"అవునత్తయ్యా. అదొక్కటి వెయ్యడానికే వారం పట్టింది."

"వారమంతా ఆ మోకాలే చూశావా?"

"చూడకపోతే రాదు కదా."

మహాలక్ష్మి తన మోకాలు నిమురుకుంది. "నా మోకాలు డాక్టరు కూడా చీటీ రాస్తూనే చూశాడు. మీ మావయ్యగారైతే ఏ కాలో కూడా చెప్పలేరు."

"కుడి," అన్నారు కోదండరామయ్యగారు, మజ్జిగన్నం కలుపుకుంటూ.

"ఎడమ," అంది మహాలక్ష్మి.

"అమ్మా, పంచె సంగతి నువ్వైనా చెప్పు," అన్నాడు రాంప్రసాద్.

"చెబుతున్నా, అందరూ వినండి." ఆమె గోడ పట్టుకుని లేచింది. "పెద్దాయన్ని ఎవరూ కదపొద్దు. ఆయనదవగానే స్టూలు మీద నేను కూర్చుంటా. చీరతోనేలే, మోకాలి దాకా ఎత్తి. అన్నాళ్ళూ వంట మీ తండ్రీకొడుకులిద్దరూ చూసుకోండి."