ఇంకొంచెం కుడికి

"ఆపండి! ఎడమకి లాగుతోంది."

చెవిలోని ఫోనులో భార్య గొంతు. డ్రిల్లర్ లీవరు వెనక్కి లాగాడు. యంత్రం మూలిగి ఆగింది.

సొరంగం కప్పు కూలి ఐదుగురు లోపల చిక్కుకుపోయారు. వాళ్ళకు గాలి అందాలంటే పైనుంచి రాతిలోకి బెజ్జం పడాలి. జానెడు వెడల్పు కూడా లేని బెజ్జం. గురి తప్పితే ఇంకోటి వేసేలోపు లోపలున్న గాలి అయిపోతుంది.

రాతిని కోసే బిట్టు వెనకే ఒక పరికరం ఉంది. తానెక్కడుందో, ఎటు ఒరుగుతోందో తీగ లేకుండానే చెబుతూ ఉంటుంది. ఆ సంకేతాలు పట్టే పెట్టె ఆమె దగ్గరుంది. ఆమె చెప్పాలి, ఇతను తిప్పాలి.

"రాయి మొండికేస్తోంది. ఒత్తిడి పెంచనా?"

"మీ తొందర తగలెయ్య! పెంచితే పక్కకి జారుతుంది. స్కూటరు మీదా ఇంతే, గోతులు చూసుకోరు."

"వెనక కూర్చుని నువ్వు అరుస్తుంటే గోతులేం కనిపిస్తాయే?"

సూపర్‌వైజర్ దగ్గరికొచ్చాడు.

"ఆవిణ్ణి ఊరికే మాట్లాడించకు. కొలతలు చెబితే చాలు."

"మాట్లాడించకపోతే నిద్రపోతుంది సార్."

డ్రిల్లర్, ఆమె రోజూ కూర్చునే కొలతల గది వైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ లీవరు పట్టాడు.

కాసేపటికి ఆమె మాట మందగించింది.

"కుడికి... ఇంకొంచెం..."

"ఎంత? సరిగ్గా చెప్పు."

ఫోనులో బరువుగా ఊపిరి చప్పుడు.

"ఏయ్, మొద్దు మొహమా! పనిలో కునుకు తీస్తే ఊరుకోను!"

"అరవకండి. అంకెలు అలుక్కుపోతున్నాయి."

"కళ్ళు నులుముకుని మళ్ళీ చదువు."

సూపర్‌వైజర్ గొంతు తగ్గించాడు. "లోపల అందరూ పలుకుతున్నారా?"

"పెద్ద మేస్త్రీ పలకడం లేదట."

డ్రిల్లర్ జిడ్డు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇంకొంచెం కుడికి," అందామె. "ఇంకొంచెం... చాలు. ఇక తిన్నగా దించండి."

దించాడు. పైపులు గడగడలాడాయి. ఉన్నట్టుండి బిట్టు జర్రున జారింది. బిట్టు వేడెక్కకుండా పంపుతున్న నీళ్ళు ఇంతసేపూ బురదగా పైకి పొంగుతున్నవి, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎక్కడికో కిందికి దిగిపోతున్నాయి.

డ్రిల్లర్ యంత్రం ఆపాడు.

"ఏమే, తగిలిందా? చెప్పు!"

ఫోనులో బరబర.

"ఒక్క మాట చెప్పవే!"

దగ్గు వినిపించింది. ఆ వెనకే, స్కూటరు మీద కసిరే ఆ పాత గొంతు.

"ముందా నీళ్ళు కట్టెయ్యండి మహానుభావా, అన్నీ నా నెత్తిమీదే పడుతున్నాయి!"