నీళ్లలో కరగని రాయి

“సుత్తి మాత్రం వాడకండి,” అన్నాడు బాలు, గుమ్మం బయటే నిలబడి.

చలపతిరావు నవ్వుకున్నాడు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషాయన. నల్లగండ్లలోని తమ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ‘రాళ్ల మీద సందేహాలుంటే నన్నడగండి’ అని ఎప్పుడో పెట్టిన మెసేజీకి తగిలిన మొదటి బేరం ఈ కుర్రాడే. పక్క టవర్లో ఉంటాడట. ఐటీ ఉద్యోగం. గడ్డం మాసింది, కాళ్లకి చెప్పుల్లేవు. లోపలికి రమ్మంటే రాడు, కాఫీ వద్దంటాడు. మొహమాటం కాబోలు అనుకున్నాడాయన.

“ఏం తెలియాలి బాబూ?”

“నీళ్లలో వేస్తే కరిగిపోతుందా అండి? రేపే వెయ్యాలి. అది తెలియక నిద్ర పట్టడం లేదు.”

అక్వేరియం పిచ్చివాడు దొరికాడని చలపతిరావుకి హుషారొచ్చింది. కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కున్నాడు. బాలు ఇచ్చింది గుప్పెట్లో పట్టే బూడిదరంగు రాయి. చాకుతో గీశాడు. గీత పడలేదు, చాకు ఇనుమే రాయికి అంటింది. యాసిడ్ చుక్క వేస్తుంటే బాలు మొహం తిప్పుకున్నాడు.

“సున్నపురాయైతే ఈపాటికి బుసబుస పొంగేది. ఈ విరిగిన అంచు చూడు, గవ్వ లోపలిలా నున్నగా వంపు తిరిగింది. చెర్ట్ అంటారు. మన చెకుముకిరాయి జాతే. సముద్రం అడుగున కంటికి కనబడని జీవులు చచ్చి, వాటి గుల్లలు పేరుకుని గట్టిపడితే ఇలా అవుతుంది.”

“చచ్చిపోయినవాటితోనా?” అన్నాడు బాలు.

“అవును. అంతా సిలికా. చెరువులో వేసినా వేల ఏళ్లు చెక్కుచెదరదు.”

“అంతే చాలండి.” బాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. “రసజ్ఞకి నీళ్లంటే భయం. కరిగిపోతుందేమోనని ఒకటే దిగులుగా ఉంది నాకు.”

పాప ముచ్చటపడి దాచుకున్న రాయన్నమాట. చలపతిరావుకి జాలేసింది.

“దానికింత బెంగెందుకయ్యా? రెండు ముక్కలు చేసిస్తాను. ఒకటి నీళ్లలో వెయ్యి, ఒకటి పాపకివ్వు,” అంటూ సుత్తి అందుకున్నాడు.

బాలు ఒక్క ఉదుటున లోపలికొచ్చి రాయి లాక్కున్నాడు. రెండు చేతులతో గుండెకి అదుముకుని, తప్పు చేసినవాడిలా మళ్లీ గుమ్మం బయటికి వెళ్లిపోయాడు.

“క్షమించండి. రసజ్ఞ పాప కాదండి, మా ఆవిడ.”

చలపతిరావు సుత్తి కింద పెట్టాడు.

“కర్మ మొదటిరోజు పంతులుగారు ఈ రాయిలోకి ఆవాహన చేసిన దగ్గర్నుంచి తను ఇందులోనే ఉందండి.”