డాక్టరు చెప్పిన నడక

“ఆగు బావా, మోకాలు పట్టేసింది,” అంటూ టైలర్ దారి పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

ముందు నడుస్తున్న బావ వెనక్కి తిరిగి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఇలా ప్రతి స్టేజీలోనూ ఆపితే బండి సముద్రం చేరేదెప్పుడు? నీకంటే నా పాత బస్సే నయం.”

బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నోరు తెరిస్తే బస్సు భాషే.

“నువ్వూ కూర్చో. ఒక్కణ్ణే కూర్చుంటే సిగ్గుగా ఉంది.”

బావ గొణుక్కుంటూ కూర్చున్నాడు. టైలర్ లోలోపల నవ్వుకున్నాడు. అతని మోకాలు నిక్షేపంలా ఉంది. బావకి గుండె జబ్బు, రోజూ నడవాలి, కానీ ఆయాసం రాకముందే కూర్చోవాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడట. అక్క ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెప్పింది ఆ మాట. “మీ బావ సంగతి తెలుసుగా. నేను కూర్చోమంటే, నన్ను ముసలాణ్ణి చేస్తున్నావా అని ఇంతెత్తున ఎగురుతాడు. నువ్వు తోడుంటేనే నడుస్తానంటున్నాడు. ఎలాగోలా చూసుకో రా.”

ఆ ఫోన్ రాకపోతే టైలర్ గుమ్మం దాటేవాడు కాదు. భార్య పోయిన దగ్గర్నుంచి షాపు షట్టర్ ఎత్తలేదు. అతను మిషను తొక్కుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆమె కాజాలు కుట్టేది. ఆ ఖాళీ స్టూలు చూస్తూ కుట్టడం తన వల్ల కాదనుకున్నాడు. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకెందుకు బతకడం అనుకునేదాకా వెళ్లాడు. బావకి కూడా ఏదైనా అయితే అక్క కూడా ఇలాగే గోడవైపు తిరిగి పడుకుంటుందన్న భయమే అతన్ని లేపి, రోజూ ఈ పార్కుకి లాక్కొస్తోంది.

సముద్రం ఒడ్డున అడవిని ఆనుకుని ఉన్న పార్కు అది. గేటు దగ్గర మొదలైన బాట చెట్ల నీడలో సాగి, ఇసుక దిబ్బ దాటి, ఒడ్డు వెంట తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. పిల్లలకు, పెద్దలకు సులువైన నడక అని బోర్డు కూడా పెట్టారు.

బావ జేబులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

“గుండె మాత్ర నమలొచ్చా?”

“నమలమన్నాడు డాక్టరు. ఇదిగో, మీ అక్క రొట్టె, గుడ్లు కట్టింది. మాత్ర పడ్డాక కడుపు ఖాళీగా ఉండకూడదట. నువ్వు తినకపోతే నేనూ తినను.”

“నాకు ఆకలి లేదు.”

“అయితే నాకూ లేదు.”

మొండిఘటం. చేసేది లేక టైలర్ తిన్నాడు. బావ ఆఖరి ముక్క కూడా అతని చేతిలోనే పెట్టాడు.

కాస్త దూరం పోయాక బాటకి అడ్డంగా ఒక కొమ్మ విరిగి పడి ఉంది. బావ వంగి దాన్ని ఎత్తబోయాడు.

“బరువులెత్తకు!” టైలర్ ఒక్క పరుగున వెళ్లి కొమ్మని పక్కకి లాగేశాడు.

బావ అతని కాళ్లకేసి చూశాడు. “మోకాలో?”

“సర్దుకుంది,” అన్నాడు టైలర్ తల దించుకుని.

దిబ్బ దిగాక తడి ఇసుక మీద నడక హాయిగా ఉంది. దూరంగా పోతున్న పడవని చూపిస్తూ బావ చెయ్యి ఎత్తాడు. టైలర్ పడవని చూడలేదు.

“చెయ్యి అలాగే ఉంచు. చంక కింద కుట్టు విడిపోయింది.”

“ఏదో కొమ్మ తగిలి ఉంటుంది.”

“కొమ్మ తగిలితే గుడ్డ చిరుగుతుంది. ఇక్కడ దారం ఒక్కటే తెగింది, బ్లేడు పెట్టి విప్పినట్టు. అక్క చూడలేదా?”

“మీ అక్క చేతికి సూదిస్తే చొక్కా గోనెసంచి అవుతుంది. మా వీధి చివర ఎవడో కొత్తగా షాపు పెట్టాడు. వాడికిస్తాలే.”

“వాడికా? ఇది నేను కుట్టిన చొక్కా బావా.”

అంటూనే అతను చొక్కా అంచు పట్టుకుని గుండీల వరస తడిమాడు. కాజాలు భార్య కుట్టినవి. ఇన్ని ఉతుకులకి రంగు వెలిసింది కానీ ఒక్క పోగు లేవలేదు. వాటి మీద వేలు ఆనించి అలాగే నిలబడిపోయాడు. దుఃఖం ఆగలేదు. ఆమె పోయిన రోజు కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. బావ ఊరుకోమని అనలేదు. అలలు పాదాలు తడుపుతున్నా పక్కనే ఉండిపోయాడు.

ఇద్దరూ నడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చారు.

“రేపు పొద్దున నేను రాలేను బావా,” అన్నాడు టైలర్.

బావ ముఖం మాడిపోయింది. “ఏం? నేను ఒక్కణ్ణే నడవాలా?”

“సాయంత్రం నడుద్దాం. పొద్దున షాపు తీస్తాను. ఆ చొక్కా పట్టుకురా.”

బావ మెల్లిగా అడిగాడు. “మరి ఆ స్టూలు?”

“నువ్వొచ్చి కూర్చో. అంత దూరం వస్తే ఆయాసం తీరేదాకా కూర్చోవాలిగా.” టైలర్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఇంటికి మెల్లిగా వెళ్లు. మాత్ర మర్చిపోకు.”

అతను మలుపు తిరిగేదాకా బావ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

“రేపు షాపు తీస్తున్నాడే మీ తమ్ముడు.”

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

“ఏమైనా తిన్నాడా?” అంది ఆమె చివరికి.

“అంతా వాడే తిన్నాడు.”

బావ గుండెకు ఏనాడూ ఏ జబ్బూ లేదు.