పాలసీసా

మా వియ్యపురాలు చెల్లెమ్మగారికి, నా కోడిగీతలూ, అక్షరాల తప్పులూ మన్నించండి.

ఏడాదిపాటు మీ దగ్గర పెరిగిన మనవరాలికి ముందరి పళ్లు నాలుగూ పుచ్చిపోయాయి. “తల్లి పాలలోనే లోపం” అని మీరు నలుగురిలో అన్నప్పుడు మా అమ్మాయి ఏడ్చింది.

నిన్న పళ్ల డాక్టరమ్మ, “పడుకునేటప్పుడు ఏం తాగుతావమ్మా?” అని పిల్లనే అడిగింది.

“నానమ్మ సీసాలో పంచదార పాలు పోస్తుంది. నోట్లో పెట్టుకునే పడుకుంటా. అమ్మకి చెప్పొద్దంది.”

మీ అబ్బాయి పక్కనే ఉన్నాడు.

గురువారం ఆ పళ్లు పీకుతారు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతులు గట్టిగా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలట. “నేనుంటా” అంది మా అమ్మాయి. వద్దని మీ పేరు చెప్పాను. నానమ్మ ఒళ్లోనైతే ఏడవనని పిల్ల ఒప్పుకుంది.

ఏ బస్సుకు వస్తారో వెంటనే రాయండి.