ఆఖరి గంటలో గొళ్ళెం

"తలుపు మూయకు! అయ్యో, మూయకమ్మా!"

హెడ్‌ఫోన్‌లో ఎవరో పెద్దాయన గొంతు. అప్పటికే ఆవిడ మూసేసింది.

మరుక్షణం తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది. కిటికీలోంచి చూస్తే వీధంతా జాంబీలే.

కంప్యూటర్ ఆటే అయినా ఆవిడకు చెమటలు పట్టాయి.

ఆటకు కొత్తవాళ్ళు చేసే తప్పు అది. ఇందులో తలుపు తీసి ఉంటే జాంబీలు ఖాళీ ఇల్లనుకుని వాటి దారిన అవి పోతాయి. మూసి ఉంటేనే, లోపల ఎవరో ఉన్నారని వచ్చి మీద పడతాయి.

సిగ్గుచేటు ఏమిటంటే, ఈ ఆట తయారుచేసేటప్పుడు ఆ నియమం పెట్టింది ఆవిడే.

"వెనక కిటికీలోంచి దూకు. వీటి సంగతి నేను చూస్తా," అన్నాడు పెద్దాయన.

దూకింది. సందు చివర ఒక ఆటగాడు సైకిల్ గంట మోగిస్తూ జాంబీలన్నిటినీ అవతలి వీధిలోకి మళ్ళించి, చుట్టు తిరిగి వచ్చాడు. తల మీద పేరు: గొళ్ళెం. తలుపులు మూయనివ్వని మనిషికి భలే పేరు.

"ఆట కొత్తా?"

"ఆ... కొత్తేనండీ," అంది నీళ్ళు నములుతూ.

"మంచి రోజే చూసుకుని వచ్చావు! నాలుగింటికి సర్వర్ శాశ్వతంగా ఆపేస్తున్నారు. ఇంకో గంటే ఉంది."

ఆ సంగతి తెలిసే వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక, "మళ్ళీ ఆ శవాల దగ్గరికేనా?" అని భర్త వేళాకోళం చేస్తున్నా వినిపించుకోకుండా కూర్చుంది.

ఇప్పుడావిడ ఒక ఫర్నిచర్ కంపెనీలో వంటింటి అరలకు నమూనాలు గీస్తోంది. అంతకుముందు ఐదేళ్ళు ఈ ఆటకే ధారపోసింది. విడుదలైన ఆర్నెల్లకే కంపెనీ మూతపడింది. సర్వర్ని మాత్రం ఎవరో తీసుకుని, ఎనిమిదేళ్ళుగా ఎలాగో ఈడ్చుకొచ్చారు.

ఆవిడకు తెలియాల్సింది ఒక్కటే. ఊరి చివర ఆసుపత్రి పై అంతస్తులో ఒక గది చేసింది. ఆ ఒక్క గదికే పదకొండు నెలలు పట్టింది. కంపెనీ మూసిన రోజుకు ఒక్క ప్రాణి కూడా అందులో అడుగుపెట్టలేదు. ఆ తర్వాతైనా ఎవరైనా వెళ్ళారా?

"మీరు ఒక్క జాంబీని కూడా కొట్టరేమండీ?" అతని వెంట నడుస్తూ అడిగింది.

"ఒకప్పుడు కొట్టేవాణ్ణి. ఆసుపత్రి మేడ మీద ఒక గదుంది. అది చూశాక చెయ్యి రాలేదు."

ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది.

"నాకూ చూపిస్తారా?"

"అందుకేగా తీసుకెళ్తున్నాను. నడు, నడు."

జాంబీల కంటపడకుండా ఊరి చివర ఆసుపత్రి చేరేసరికి ముప్పావుగంట పట్టింది. మెట్లెక్కారు. తలుపు తోశారు.

మంచం మీద ఒక జాంబీ పడుకుని ఉంది. దాన్ని కొట్టకుండా కాసేపు ఓపిగ్గా నిలబడితే కళ్ళు తెరుస్తుంది. తెరిచింది. ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది.

"బయట వాన పడుతోందా?" అంది, మామూలు ఆడమనిషి గొంతుతో.

"తగ్గిందమ్మా," అన్నాడు గొళ్ళెం, సొంత చెల్లెలితో చెప్పినట్టు.

తర్వాత ఇటు తిరిగాడు. "చూశావా? జబ్బు నయమవుతుంది. మనం చంపినవాళ్ళంతా నయం కావలసినవాళ్ళే. ఆ మంచం కింద చెప్పులు చూడు. ఒకటే అరిగింది. పాపం, కుంటిది. ఇంత శ్రద్ధగా ఎవరు చేశారో మహానుభావులు!"

ఆ చెప్పులు చేస్తున్నప్పుడు, "ఎవడు చూస్తాడు నీ చెప్పుల్ని?" అని అప్పటి బాసు విసుక్కున్నాడు.

"ఇక్కడికి ఇంకెవరైనా వచ్చారా?"

"గోడ చూడు. వచ్చినవాళ్ళందరిచేతా పేర్లు చెక్కించాను."

గోడ నిండా పేర్లే. ఖాళీ లేక కిటికీ చట్రం మీద కూడా చెక్కారు.

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ వృథా అనుకున్నది వృథా కాలేదు. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయింది. గుండెలనిండా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

అయినా కడుపుమంట మిగిలే ఉంది.

"ఎవడో పుణ్యాత్ముడు నాలుగు గంటలు ఆడి, చెత్త ఆట అని పత్రికలో రాశాడండీ. దాంతో ఎవరూ కొనలేదు. మా కొంప ముంచాడు."

"మీ కొంపా?"

ఇక దాచి ఏం లాభం? "ఈ గది నేనే చేశానండీ."

తెర మీద గొళ్ళెం బొమ్మ కదలడం మానేసింది.

"ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాడు. "మీ కోసం చాలా వెతికానమ్మా. మీ కంపెనీవాళ్ళ చిరునామా ఒక్కటీ దొరకలేదు."

"నా కోసమా? నేనే మీకు దండం పెట్టాలి. ఇంతమందిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అసలు పేరేంటండీ మీది?"

గడియారంలో నాలుగుకు ఒక్క నిమిషం ఉంది.

"చెప్పండి, టైమైపోతోంది!"

మాటకు బదులు కీబోర్డు టకటకలు వినిపించాయి. తెర నల్లబడబోతుండగా, అడుగున ఒక్క వాక్యం పడింది: "ఆ నాలుగు గంటలు ఆడి రాసింది నేనేనమ్మా, మిగతా ఎనిమిదేళ్ళూ ఆ తప్పు దిద్దుకోవడానికే ఆడాను."